సుస్థిరాభివృద్ధి లక్ష్యాల పాఠనిర్మాణం: ‘ఎక్స్ శాతం’ నుంచి ‘గణనీయంగా’ వరకు

వ్యాససంగ్రహం:
ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాల పాఠం మూడేళ్ల దౌత్యచర్చల ఫలితం. ఆ చర్చల్లో అంకెలు, క్రియావిశేషణాలు, మినహాయింపు పదబంధాలు ఎలా స్థిరపడ్డాయో, వాటివల్ల ప్రభుత్వాల జవాబుదారీతనం ఎలా మారిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సుస్థిరాభివృద్ధి, ఐక్యరాజ్యసమితి, ఏకాభిప్రాయం, పాఠనిర్మాణం, దారిద్ర్యరేఖ.

1. ఉపోద్ఘాతం:
2000 నాటి సహస్రాబ్ది ప్రకటన ఆధారంగా రూపొందిన 8 సహస్రాబ్ది అభివృద్ధి లక్ష్యాలను ప్రధానంగా అంతర్జాతీయ సంస్థల నిపుణులే కూర్చారు. అవి క్లుప్తమైనవే అయినా, రచనలో తమ పాత్ర లేదన్న అసంతృప్తి వర్ధమాన దేశాల్లో మిగిలింది. తర్వాతి లక్ష్యాల పాఠాన్ని ప్రభుత్వాల ప్రతినిధులే పంక్తి పంక్తిగా చర్చించి రాశారు. దానివల్ల ఆ పాఠానికి రాజకీయ బలం చేకూరింది. అదే కారణంగా ప్రతి పదమూ బేరసారాలకు లోనైంది.

2. చర్చల క్రమం:
2012 జూన్‌లో రియో డి జనీరోలో జరిగిన సదస్సు, లక్ష్యాల రచనకు 30 స్థానాల కార్యబృందాన్ని ప్రతిపాదించింది. 70 దేశాలు ముందుకు రావడంతో చాలా స్థానాలను ఇద్దరు ముగ్గురు సభ్యులు పంచుకోవలసి వచ్చింది. భారత్, పాకిస్తాన్, శ్రీలంకలకు కలిపి ఒకే స్థానం దక్కింది. కెన్యా ప్రతినిధి మచారియా కమావు, హంగరీ ప్రతినిధి చాబా కొరొషి సహాధ్యక్షులుగా 2013 మార్చి నుంచి 2014 జులై వరకు 13 సమావేశాలు జరిగాయి. మొదటి ఎనిమిదింటిలో విషయ పరిశీలన సాగింది; పాఠరచన చివరి అయిదింటిలోనే జరిగింది. 2014 జులైలో 17 లక్ష్యాలు, 169 ఉపలక్ష్యాలు సిద్ధమయ్యాయి. కమావు, ఐర్లండ్ ప్రతినిధి డేవిడ్ డోనహ్యూ నడిపిన మలివిడత చర్చలు 2015 ఆగస్టు 2న ఏకాభిప్రాయానికి చేరాయి. సెప్టెంబరు 25న సర్వప్రతినిధి సభ ఆ పాఠాన్ని ఆమోదించింది.

3. పూరించని ఖాళీలు:
2014 నాటి పాఠంలో కొన్ని అంకెల స్థానంలో ‘ఎక్స్ శాతం’ అని మాత్రమే ఉంది. నీటి పునర్వినియోగం (6.3), అడవుల పెంపకం (15.2), అర్హత గల ఉపాధ్యాయుల సంఖ్య (4.సి) ఇందుకు ఉదాహరణలు. 2015లో ఈ ఖాళీలను పూరించే ప్రయత్నం మొదలైనప్పుడు, సాంకేతిక సవరణ పేరుతో మొత్తం ఒప్పందాన్ని తిరగదోడతారేమోనని అనేక వర్ధమాన దేశాలు శంకించాయి. చివరకు ఆ ‘ఎక్స్’ల స్థానంలోకి అంకెలు రాలేదు, ‘గణనీయంగా’ అనే అర్థమిచ్చే క్రియావిశేషణం వచ్చింది. అంకె ఉంటే దాన్ని చేరారో లేదో చెప్పవచ్చు. ‘గణనీయంగా’ అన్నప్పుడు ఎంత పెరిగితే చాలునన్నది చదివేవారి నిర్ణయమే.

అయితే అంకె చేర్చడం అసాధ్యమేమీ కాదని అదే సవరణ నిరూపించింది. 3.2 ఉపలక్ష్యంలో తొలుత అంకెలు లేవు. ప్రతి వెయ్యి జననాలకు నవజాత శిశుమరణాలను 12కు, అయిదేళ్లలోపు పిల్లల మరణాలను 25కు తగ్గించాలన్న పరిమితులు 2015లోనే చేరాయి.

4. మినహాయింపు పదబంధాలు:
స్త్రీలకు భూమిపై యాజమాన్యం, నియంత్రణ కల్పించే సంస్కరణలను కోరే 5.ఎ ఉపలక్ష్యం ‘జాతీయ చట్టాలకు అనుగుణంగా’ అనే పదబంధంతో ముగుస్తుంది. వారసత్వ చట్టమే అసమానంగా ఉన్న దేశంలో, మార్చవలసిన చట్టమే మార్పుకు హద్దుగా నిలుస్తుంది.

పేదరికాన్ని కనీసం సగానికి తగ్గించాలన్న 1.2 ఉపలక్ష్యంలో ‘జాతీయ నిర్వచనాల ప్రకారం’ అన్న మాట ఉంది. నిర్వచనం మారితే పేదల సంఖ్య ఎంతగా మారుతుందో భారతదేశ అనుభవం చెబుతుంది. 2011–12 సంవత్సరానికే టెండూల్కర్ పద్ధతి ప్రకారం పేదలు 21.9 శాతం, 2014లో వచ్చిన రంగరాజన్ నివేదిక ప్రకారం 29.5 శాతం. దేన్ని సగం చేయాలన్న ప్రశ్నకు పాఠంలో సమాధానం లేదు.

పదాల సడలింపు అన్నిచోట్లా లోపం కాదు. తీవ్ర పేదరికాన్ని రోజుకు 1.25 డాలర్లతో ముడిపెట్టిన 1.1 ఉపలక్ష్యం, ఆ కొలమానం ‘ప్రస్తుతం’ వాడుకలో ఉన్నదని మాత్రమే పేర్కొంది. ఆమోదం పొందిన మరుసటి నెలలోనే ప్రపంచబ్యాంకు ఆ రేఖను 1.90 డాలర్లకు సవరించింది. ‘ప్రస్తుతం’ అనే ఒక్క మాట ఉండబట్టి పాఠాన్ని తిరగరాయవలసిన అవసరం రాలేదు.

5. ముగింపు:
193 సభ్యదేశాల ఏకాభిప్రాయం అభిప్రాయభేదాలను తొలగించలేదు. వాటిని క్రియావిశేషణాల్లోకి, షరతుల్లోకి తరలించింది. ‘ప్రస్తుతం’ వంటి సడలింపు కొలమానాన్ని కాలంతోపాటు నవీకరించుకునే వీలిచ్చింది. ‘గణనీయంగా’, ‘జాతీయ చట్టాలకు అనుగుణంగా’ వంటివి బాధ్యతను కొలవడాన్నే కష్టతరం చేశాయి. ఈ రెండింటినీ వేరుచేసి చూడటం అవసరం. అందువల్ల 2030లో ఫలితాలను అంచనా వేసేవారు గణాంకాలతోపాటు ఆ పాఠం రూపొందిన చరిత్రను కూడా చదవవలసి ఉంటుంది. ఏ దేశమైనా లక్ష్యం సాధించామని ప్రకటించినప్పుడు, ఎవరి నిర్వచనం ప్రకారం సాధించిందన్నదే మొదట అడగవలసిన ప్రశ్న.