గాలికి ఎదురు విసిరినవాళ్ళు

శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ పార్కులో పక్కపక్కనే మూడు కొలనులున్నాయి. వాటిలో చేపలుండవు. అయినా ఒక శనివారం పొద్దున నేనటు నడుస్తుంటే గట్టు మీద ఓ పదిమంది నిలబడి గాలాలు విసురుతున్నారు. కొక్కెం లేదు, ఎర లేదు. దారం చివర చిన్న ఉన్ని ముక్క, అంతే. నీళ్ళ మీద తేలే రింగుల్లో ఆ ముక్క పడాలి. "వీళ్ళకి వీకెండ్ ఎలా గడపాలో తోచట్లేదు పాపం" అనుకుని ఫోటో తీయబోయాను. ఓ పెద్దాయన నవ్వి, కర్ర నా చేతికిచ్చి "నువ్వూ ఒకటి వెయ్యి" అన్నాడు.

అప్పుడే సముద్రం వైపునుంచి గాలి లేచింది. ఎదురుగాలి కదా అని బలమంతా పెట్టి విసిరాను. దారం ముందుకి పోకుండా నా మెడ చుట్టూ ఉండలా చుట్టుకుంది. ఇంకా గట్టిగా విసిరాను, ఇంకా పెద్ద ఉండ. ఆయన చిక్కు విప్పుతూ అన్నాడు: "గాలితో కుస్తీ పట్టకు. బలం సగానికి తగ్గించి, చేతిని టక్కున ఆపు." మూడోసారి దారం గాలిలోకి సూదిలా దూసుకుపోయింది. బలం తగ్గిస్తే దూరం ఎలా పెరిగింది? ఈ ప్రశ్న పట్టుకుని ఇంటికొచ్చి చదవడం మొదలెట్టాను. ఆ చదువే ఈ టపా.

ముందు ఓ చిన్న తేడా తెలియాలి. మా ఊరి కాలువలో విసురువల వేసేవాళ్ళని చూసే ఉంటారు. వల అంచుకి సీసపు గుళ్ళుంటాయి, ఆ బరువు వలని లాక్కెళ్తుంది. మామూలు గాలానికైనా అంతే, చివర బరువుంటుంది. ఫ్లై కాస్టింగులో వ్యవహారం తిరగబడుతుంది. ఫ్లై అంటే ఈకలతో, ఉన్నితో కట్టిన ఉత్తుత్తి పురుగు. దానికి బరువే లేదు. అందుకని దారానికే బరువు పెట్టి, దాన్ని ముందు వెనక్కి, తర్వాత ముందుకి కొరడాలా ఆడించి విసరాలి. పురుగు ఆ దారం తోకపట్టుకుని పోతుంది. అంటే గాలికి దొరికేది ఒక్క గుండు కాదు, పదిహేను ఇరవై గజాల దారం మొత్తం! అందుకే ఈ ఆట చరిత్రంతా ఒక రకంగా గాలితో తగాదాయే.

ఈ విద్య చాలా పాతది. క్రీ.శ. 200 ప్రాంతాల్లో ఏలియన్ అనే రోమన్ రచయిత మాసిడోనియా జాలర్ల గురించి రాశాడు. కొక్కేనికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడి ఈకలు రెండు కట్టేవారట. ఆరడుగుల కర్ర, ఆరడుగుల దారం. అంత పొట్టి దారానికి గాలి పెద్ద సమస్య కాదు లెండి. 1496లో ఇంగ్లండులో గాలం మీద పుస్తకం అచ్చయ్యే నాటికి కర్రలు బాగా పొడుగయ్యాయి, దారం గుర్రపు వెంట్రుకలతో పేనేవారు. 1653లో ఐజాక్ వాల్టన్ తన 'ది కంప్లీట్ ఆంగ్లర్' వేశాడు. 1676లో దానికి రెండో భాగం రాసిన ఛార్లెస్ కాటన్ లెక్క ప్రకారం కర్ర పొడుగు ఐదారు గజాలుండాలి. రీలు లేదు. దారాన్ని కర్ర కొసకే కట్టేసేవారు.

గుర్రపు వెంట్రుక తేలిక. ఎదురుగాలికి అది నిలవదు. కాబట్టి వాల్టన్ సలహా సూటిగా ఉంటుంది: గాలి వీపు వైపు ఉండేలా నిలబడు, ప్రవాహం వెంట కిందికి వెయ్యి. ఆ పనిముట్టుకి ఇంతకంటే మంచి సలహా లేదు. ఐర్లండు సరస్సుల్లోనైతే ఇంకో అడుగు ముందుకేశారు. పొడుగాటి కర్రకి తేలికైన పట్టుదారం కట్టి, గాలినే పురుగుని మోసుకుపొమ్మన్నారు. డాపింగ్ అంటారు దాన్ని. అక్కడ గాలి లేని రోజే సెలవు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, 19వ శతాబ్దంలో చేప వెనకనుంచి వెళ్ళాలన్న ఆలోచన బలపడింది. చేప ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా మొహం పెట్టి ఉంటుంది. కాబట్టి కింద నిలబడి పైకి విసిరితే దానికి మనం కనపడం. స్కాట్లండులో డబ్ల్యూ. సి. స్టూవర్ట్ 1857లో ఇదే గట్టిగా చెప్పాడు. ఇంగ్లండులో ఫ్రెడరిక్ హాల్ఫర్డ్ 1886, 1889 పుస్తకాలతో నీళ్ళ మీద తేలే డ్రై ఫ్లైని దాదాపు ఒక మతంలా చేశాడు. వాల్టన్ సలహా ఇక్కడే విరిగిపోయింది. నది ఎటు పారుతుందో మన చేతుల్లో లేదు, గాలి ఎటు వీస్తుందో అసలే లేదు. పైకే విసరాలని ఒట్టు పెట్టుకున్నాక, నది వెంట కిందికి గాలి వీచిందా, అది మొహానికే. ఇక తప్పించుకునే దారి లేదు, విసరడమే మార్చుకోవాలి.

దీనికి సాయపడింది మారిన సామాను. వెంట్రుక పోయి, నూనె పట్టించిన బరువైన పట్టు లైన్లొచ్చాయి. చెక్క కర్ర పోయి వెదురొచ్చింది. అన్నట్టు ఇక్కడ మనకో చుట్టరికం ఉంది. అమెరికాలో వెదురుని నిలువుగా చీల్చి, ఆ బద్దల్ని జిగురుతో అతికించి కర్రలు చేసినప్పుడు మొదట వాడింది మన దేశపు వెదురే. కలకత్తా రేవునుంచి వెళ్ళేది కాబట్టి దానికి కలకత్తా కేన్ అని పేరు. తర్వాత దక్షిణ చైనా నుంచి వచ్చిన టాంకిన్ వెదురు దాన్ని పక్కకి నెట్టేసింది.

అదే కాలంలో స్కాట్లండు స్పే నది దగ్గర ఇంకో కథ. వెనక ఎత్తైన గట్లు, చెట్లు. దారం వెనక్కి పోవడానికి చోటే లేదు. అక్కడివాళ్ళు దారాన్ని వెనక్కి పూర్తిగా చాచకుండా, పక్కన నీళ్ళకి ఆనించి, అక్కణ్ణించే ముందుకి దొర్లించడం కనిపెట్టారు. అందులో గాలికి సంబంధించిన ఒక నియమం ఉంది, ఇప్పటికీ మొదటి పాఠం అదే: పురుగు ఎప్పుడూ నీ ఒంటికి గాలి పోయే వైపున ఉండాలి. గాలి పైనుంచి కిందికైతే ఒక రకం విసురు, కిందినుంచి పైకైతే ఇంకో రకం. ఇది అందం కోసం కాదండీ. తప్పితే గాలి ఆ కొక్కేన్ని తెచ్చి మీ చెవిలోనో కంట్లోనో గుచ్చుతుంది.

ఇప్పుడు మళ్ళీ నా కొలను దగ్గరకి వద్దాం. అక్కడి క్లబ్బు 1933లో పుట్టింది. మహా మాంద్యం రోజుల్లో ప్రభుత్వం పని లేనివాళ్ళకి పని కల్పించే పథకం కింద 1938లో ఆ కొలనులు కట్టించింది. అప్పటికి చేపల్లేని పోటీలు జోరుగా సాగుతున్నాయి. 1930లలో పోర్ట్‌లాండ్‌కి చెందిన మార్విన్ హెడ్జ్ అనే పోటీదారు డబుల్ హాల్ అనే పద్ధతిని అందరికీ తెలిసేలా చేశాడు. కుడిచెయ్యి కర్రని ఆడిస్తుంటే, ఎడమచెయ్యి దారాన్ని సరిగ్గా సమయానికి కిందికి లాగుతుంది, వెనక్కి ఒకసారి, ముందుకి ఒకసారి. కుడిచేతి బలం పెంచకుండానే దారం వేగం పెరుగుతుంది. గాలికి ఇంతకంటే మంచి మందు ఇప్పటిదాకా రాలేదు.

ఈ విద్య కండలది కాదని చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1951లో జోన్ సాల్వాటో (తర్వాత జోన్ వుల్ఫ్) అనే ఆవిడ, మిగతా అందరూ మగవాళ్ళే ఉన్న జాతీయ దూరపు పోటీలో గెలిచింది.

ఇంతా జరిగినా మామూలు జనానికి నేర్పే పాఠం మాత్రం మారలేదు. మోచెయ్యి ఒంటికి అంటించి ఉంచు, కర్రని గడియారం ముల్లులా పది నుంచి రెండు దాకా ఆడించు! చంకలో పుస్తకం పెట్టి, అది జారకుండా విసరమనేవారని కూడా చెబుతారు. పొడుగాటి మెత్తటి కర్రతో చిన్న ఏటిలో దగ్గరికి వేసేవాడికి అది సరిపోతుంది. ఫ్లోరిడా సముద్రం ఒడ్డున ఎదురుగాలిలో నిలబడ్డవాడికి సరిపోదు. 1965లో లెఫ్టీ క్రే ఒక పత్రికలో ఆ గడియారాన్ని పక్కన పెట్టమని రాశాడు. అవసరమైతే కర్రని బాగా వెనక్కి తీసుకెళ్ళి, పొడుగు దారిలో ముందుకి లాగి, ఠక్కున ఆపమన్నాడు.

ఆపడంలో ఏముంది? కర్ర కొస సరళరేఖలో కదిలి ఆగితే, గాలిలో దారం హెయిర్‌పిన్నులా సన్నగా మడత పడుతుంది. దాన్నే లూప్ అంటారు. కొస గుండ్రంగా తిరిగితే ఆ మడత గంపంత వెడల్పవుతుంది. గంపని గాలిలోకి నెట్టడం తేలికా, పిన్నుని నెట్టడం తేలికా? మనం బలం పెట్టినకొద్దీ మణికట్టు విరుగుతుంది, కొస గుండ్రంగా తిరుగుతుంది, గంప తయారు. నా మెడకి చుట్టుకున్నది ఆ గంపే!

మిగతాదంతా దీని మీద కట్టుకున్నదే. ఎదురుగాలైతే వెనక విసురు ఎత్తుగా, ముందు విసురు కిందికి, నీటి మట్టానికి దగ్గరగా. వెనకగాలైతే తిరగేసి: వెనక్కి తక్కువ ఎత్తులో, ముందుకి పైకి. వాల్టన్ గారు మెచ్చుకున్న ఈ వెనకగాలిలోనూ ఒక మోసం ఉంది, వెనక్కి వేసే దారానికి అది ఎదురుగాలే కదా. విసిరే చేతివైపునుంచి వీస్తే కర్రని తలమీదుగా రెండో భుజం వైపు వాల్చాలి, లేదా అసలు వెనక్కి తిరిగి నిలబడి వెనక విసురుతోనే వెయ్యాలి.

నాకైతే ఇందులో చేపల కంటే మనుషులే ఎక్కువ కనిపించారు. మా ఆఫీసులో ఒక పాత కోడులో "దీన్ని కదపొద్దు" అని కామెంటు ఉండేది. రాసినాయన ఎప్పుడో వెళ్ళిపోయాడు. ఏళ్ళ తరబడి అందరం దానికి దణ్ణం పెట్టుకుని చుట్టూ తిరిగి పనిచేశాం. తీరా తవ్వి చూస్తే, ఏ మెషీను కోసం అలా రాశాడో ఆ మెషీనుని ఎప్పుడో పారేశారు. వాల్టన్ తప్పు చెప్పలేదు. గుర్రపు వెంట్రుకకి అది సరైన మాట, గాలివాటం మనం ఎంచుకోగలిగిన రోజున ఇప్పటికీ సరైనదే. పుస్తకం చంకలో పెట్టుకున్న మేష్టారూ తన కర్రకి సరైనదే చెప్పి ఉంటాడు. వెంట్రుక పోయి పట్టు, పట్టు పోయి 1950లలో ప్లాస్టిక్ పూత లైన్లు, వెదురు పోయి ఫైబర్‌గ్లాసు, 1970లలో కార్బన్ ఫైబర్ వచ్చాయి. సామాను మారినప్పుడల్లా కొత్త సలహా మాత్రం ఆలస్యంగానే వచ్చింది. అదీ గాలిని ఎంచుకునే వీల్లేనివాళ్ళ దగ్గర్నుంచే వచ్చింది. వెనక చెట్లున్నవాడు, ఎదర సముద్రం ఉన్నవాడు, పోటీలో తన వంతొచ్చినప్పుడు ఏ గాలి ఉంటే ఆ గాలిలోనే విసరాల్సినవాడు.

ఆ కొలనుల చుట్టూ గాలి ఆగడానికి పెద్ద పెద్ద చెట్లున్నాయి. అయినా సందుల్లోంచి వస్తూనే ఉంటుంది. ఆ మాటే పెద్దాయనతో అంటే, "రాకపోతే ఇక్కడ నేర్చుకోడానికేముంది?" అని తన కర్ర తీసుకుని వెళ్ళిపోయాడు. వచ్చే శనివారం నేనూ వెళ్తున్నా. ఎదురుగాలి ఉంటే బాగుణ్ణు.