అయ్యోకి ఎన్ని గుర్తులు

దమ్మపేటలో మా వీధి వాట్సాప్ గ్రూపులో ఎవరైనా పోయారని కబురొస్తే ఏడుపు బొమ్మలు బారులు తీరతాయి. నిరుడు ఓ పెద్దాయన పోయినప్పుడు ఒక్కరు మాత్రం 'అయ్యో, మొన్ననేగా పలకరించాడు' అని రాశారు. నాకు గుర్తున్నది ఆ వాక్యమే. దాని చివర ఏ గుర్తూ లేదు.

తాటాకుల మీద మన పూర్వులు మాటకూ మాటకూ ఎడం కూడా ఇవ్వకుండా రాశారు. నిలువు గీతలు తప్ప విరామ చిహ్నాలు దాదాపు లేవు. పద్యపాదం ఎక్కడ ముగిసిందో ప్రాస చెప్పేది, గణాలు చెప్పేవి. ప్రశ్నకు భాషలోనే ఏర్పాటుంది: 'వచ్చాడు' చివర 'ఆ' చేరితే 'వచ్చాడా'. 'వచ్చాడో' అంటే సందేహం. ఎదుటివాడి మాట ఎక్కడ ముగిసిందో 'అని' చెబుతుంది.

ఛందస్సు తోడులేని వచనం పెరిగాకే గుర్తుల అవసరం పెరిగింది. అచ్చు కూడా అప్పుడే వ్యాపించింది. 1829లో బ్రౌన్ వేమన పద్యాలు అచ్చు వేయించాడు. 1853లో చిన్నయసూరి వచనం నీతిచంద్రిక వచ్చింది. అచ్చుతో, ఇంగ్లిషు చదువుతో కామా, ఫుల్‌స్టాపు, ప్రశ్నార్థకం మెల్లగా స్థిరపడ్డాయి. 1897లో అచ్చయిన గురజాడ నాటకం కన్యాశుల్కం వాడుక మాటను రంగం మీదికి తెచ్చింది. అలాంటి రచనకు మాట ఆగడం, తెగడం కూడా కాగితం మీద కనిపించాలి. తర్వాత చలం వచనంలో చుక్కలు ఆ పని చేశాయి. ఆయన చెప్పకుండా వదిలిన మాట బరువు వాటిలో ఉంటుంది. ఆయన్ని చూసి చుక్కలు పెట్టిన చాలామందికి వదలడానికి మాటే లేదు.

కాగితం పోయి తెర వచ్చాక కూడా ఆ అవసరం పోలేదు. 1982 సెప్టెంబరు 19న అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో స్కాట్ ఫాల్‌మన్ రెండు చుక్కలు, అడ్డగీత, బ్రాకెట్టు కలిపి నవ్వుముఖం చేశాడు, పరాచికాన్ని ఎవరూ నిజమనుకోకుండా. 1999లో జపాన్‌లో షిగెతకా కురితా ఫోన్ల కోసం 176 బొమ్మలు గీశాడు. తెర మీద గొంతు వినపడదు. ఆ లోటు తీర్చడానికి ఇలాంటివి పనికొచ్చాయి.

ఇప్పుడు ఫ్లెక్సీల మీద మూడేసి ఆశ్చర్యార్థకాలు చూసి, జాగ్రత్తగా రాసే మిత్రులు కొందరు ఇక ఒక్కటి కూడా వాడబోమని అంటున్నారు. నాకది నచ్చదు. పదిమంది పాడుచేశారని మన గుర్తును మనమెందుకు వదులుకోవాలి? 'అయ్యో'లోనే బాధ ఉన్నప్పుడు గుర్తు అక్కర్లేదు. మాట ఒక్కటే చాలని చోట మాత్రం దాన్ని పెట్టి తీరాలి, ఒక్కసారే పెట్టాలి.

ఈసారి గ్రూపులో ఎవరైనా పోయారని కబురొస్తే, ఏడుపు బొమ్మ నొక్కే ముందు ఆ మనిషి గురించి మీకు గుర్తున్నది ఒక్క వాక్యం రాయండి. వాళ్ల ఇంట్లోవాళ్లు చదువుతారు.