పల్నాటి వీరుల కథ

పల్నాటి వీరుల కథ 12వ శతాబ్దిలో పలనాటి సీమలో జరిగిన దాయాదుల యుద్ధాన్ని గానం చేసే తెలుగు మౌఖిక వీరగాథ. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలకు దక్షిణాన, కృష్ణానదికి ఆవలి ఒడ్డున ఉన్న పలనాడు ఈ కథకు రంగస్థలం. ఈ సీమ 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలో ఉంది. ఈ గాథ కేవలం యుద్ధ వృత్తాంతం కాదు. ఇందులోని వీరులు దేవతలుగా పూజలందుకుంటున్నారు. పాట, పురాణం, ఆరాధన ఒక్కటిగా కలిసివున్నందున దీనిని ప్రాచీన గ్రీకు వీరగాథలతో పోల్చవచ్చు.

కథా సంగ్రహం

హైహయ వంశీయుడైన అనుగురాజు అనంతరం ఆయన కుమారుడు నలగామరాజు గురజాలలోను, సవతి సోదరుడు మలిదేవరాజు మాచర్లలోను పాలించారు. గురజాల పక్షాన నాయకురాలు నాగమ్మ, మాచర్ల పక్షాన బ్రహ్మనాయుడు మంత్రాంగం నడిపారు. కోడిపందెంలో ఓడిన మాచర్ల పక్షం ఏడేళ్ళు వలస వెళ్ళింది. గడువు తీరాక రాజ్యభాగం కోరుతూ రాయబారిగా వెళ్ళిన అలరాజు విషప్రయోగానికి బలి అయ్యాడు. దాంతో కారెంపూడి వద్ద నాగులేటి ఒడ్డున యుద్ధం జరిగింది. బ్రహ్మనాయుని కుమారుడు బాలచంద్రుడు మొదలైన వీరులు అందులో నేలకొరిగారు.

పురాణంతో సంబంధం

దాయాదుల పోరు, పందెంలో ఓటమి, వలస, రాయబారం అనే వరుస మహాభారతాన్ని తలపిస్తుంది. పాచికల స్థానంలో ఇక్కడ కోడిపుంజులు ఉన్నాయి. అందుకే దీనిని పల్నాటి భారతమని కూడా అంటారు. మౌఖిక సంప్రదాయంలో బ్రహ్మనాయుడు విష్ణ్వంశ సంభూతుడు. యుద్ధానంతరం ఆయన గుత్తికొండ బిలంలో ప్రవేశించాడని నమ్మకం.

ఈ కథలో ఒక సామాజిక భావన కూడా ఉంది. బ్రహ్మనాయుడు కులభేదం లేకుండా అందరినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి భోజనం పెట్టించాడని చెబుతారు. దీనికి చాపకూడు అని పేరు. మాల కులస్థుడైన కన్నమదాసును ఆయన కుమారునిగా స్వీకరించాడు. ఈ కథను తరతరాలుగా గానం చేస్తున్న వీరవిద్యావంతులు కూడా మాల కులానికి చెందినవారే.

గ్రీకు వీరగాథలతో పోలిక

హోమర్ పేరిట ప్రసిద్ధమైన ఇలియడ్, ఒడిస్సీ క్రీ.పూ. 8వ శతాబ్ది ప్రాంతంలో రూపొందాయని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. వాటిలో పదేపదే వచ్చే విశేషణాలు, పదబంధాలు పాడుతూ కథ అల్లే గాయకుల సాధనాలని అమెరికా పండితుడు మిల్మన్ పారీ నిరూపించాడు. 1930లలో యుగోస్లేవియాలో సజీవులైన గాయకుల పాటలను రికార్డు చేసి ఆయన తన వాదనకు బలం చేకూర్చాడు.

గ్రీకులు కూడా వీరుల సమాధుల వద్ద బలులు ఇచ్చి పూజించేవారు. క్రీ.పూ. 700 ప్రాంతపు కవి హెసియోడ్ మానవజాతి చరిత్రను ఐదు తరాలుగా విభజించి, వీరుల తరాన్ని తన కాలపు ఇనుప తరానికి ముందు నిలిపాడు. తరువాత క్సెనోఫనీస్, ప్లేటో వంటి తాత్వికులు కవులు దేవతలకు మానవ దోషాలను అంటగట్టారని ఆక్షేపించారు. ఈ విధంగా గ్రీకు తాత్విక చింతన కొంతవరకు పాత కవిత్వంతో వాదిస్తూ ఎదిగింది.

అయితే గ్రీకు గాథలు నేడు గ్రంథాలుగానే మిగిలాయి. వాటిని పాడిన గాయకులు గాని, పూజించిన భక్తులు గాని లేరు. పలనాటిలో గానమూ ఆరాధనా రెండూ నేటికాలం వరకు నిలిచాయి.

ఉత్సవం

ఏటా కార్తీక అమావాస్య నుండి ఐదు రోజులు కారెంపూడిలో వీరుల తిరునాళ్ళు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే రోజుల పేర్లే కథాఘట్టాలను గుర్తుచేస్తాయి. వీరుల ఆయుధాలను నాగులేటిలో శుభ్రపరచి పూజిస్తారు. మందపోరు నాడు చాపకూడు పెడతారు.

గ్రంథ రూపాలు

శ్రీనాథుని రచనగా ప్రసిద్ధమైన ద్విపద కావ్యం పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతం 1911లో ప్రకటించాడు. దాని కర్తృత్వంపై పండితులలో భిన్నాభిప్రాయాలున్నాయి. అమెరికా పరిశోధకుడు జీన్ రోగేర్ 1970లలో అలిసెట్టి గాలెయ్య గానాన్ని రికార్డు చేసి, ఆంగ్లానువాదంతో 1982లో గ్రంథంగా వెలువరించాడు. ద్విపద కావ్యం ఒక కవి కూర్పు కాగా, గాలెయ్య గానం వీరవిద్యావంతుల పరంపరకు చెందినది. ఈ రెండింటినీ పక్కపక్కన చదివితేనే పల్నాటి కథ పూర్తిగా అర్థమవుతుంది.

ఇవి కూడా చూడండి

- బ్రహ్మనాయుడు
- నాయకురాలు నాగమ్మ
- కాటమరాజు కథ
- ఇలియడ్