సర్పగంధి: మనశ్శాంతి మందుల చరిత్రలో ఒక అధ్యాయము

బీహారు పల్లెసంతలలో 20వ శతాబ్దపు తొలి దశాబ్దములలో ఒక వేరు అమ్ముడుపోయెడిది. వంకర తిరిగి, బూడిదవన్నె బెరడుతో, చూచుటకు ఏ విశేషమును లేని వేరది. నాలుకపై పెట్టుకొన్నచో సహింపరాని చేదు. కొనువారు దానిని ‘పాగల్ కీ దవా’ అని అడిగి కొనెడివారు. అనగా పిచ్చికి మందు. ఉన్మాదముతో రేగిపోవు రోగికి ఆ వేరు పొడిని పట్టించుట అక్కడి గృహస్థులకు తెలిసిన ఉపాయమే. పేద ఇండ్లలో ఏడ్చు బిడ్డలను నిద్రపుచ్చుటకు గూడ దానిని అరగదీసి నాకించెడివారని వైద్యులు వ్రాసినారు.

ఆ వేరునుండి తీసిన తెల్లని పొడియే తరువాతి కాలమున, గుళిక మ్రింగి మనస్సును కుదుటపరచుకొనవచ్చునన్న నమ్మకమును ప్రపంచమున వ్యాపింపజేసిన మందులలో ఒకటియైనది. అట్టి గుళిక మనస్సును క్రుంగదీయునేమో అను భయమును గూడ మొదట పుట్టించినది అదియే.

మొక్క పేరు సర్పగంధి. సంస్కృతమున సర్పగంధా, హిందీలో ధవల్‌బరువా, ఛోటా చాంద్. తెలుగునాట పాతాళగంధి అని కూడ అందురు. హిమాలయపు దిగువ అడవులు, బెంగాలు, అస్సాము, పడమటి కనుమలు, సింహళము, బర్మా దీని నెలవులు. మోకాలెత్తు మొక్క, ఎఱ్ఱని కాడలపై తెల్లని పూలు, పండిన పిదప నల్లని చిన్న కాయలు. ప్రాచీన వైద్య గ్రంథములలో ఈ పేరు కనబడును గాని, అది ఈ మొక్కకే చెల్లునా అను విషయమున పండితులకు ఏకాభిప్రాయము లేదు. 1563లో గోవాలో అచ్చయిన గార్సియా ద ఓర్తా గ్రంథమున పాముకాటుకు వాడు వేళ్ల వర్ణన ఉన్నది. వానిలో ఒకటి ఇదే కావచ్చునందురు. పాశ్చాత్యులు మాత్రము దీని జాతికి 16వ శతాబ్దపు జర్మను వైద్యుడు రావుల్ఫ్ పేరు పెట్టినారు. ఆయన తూర్పు దేశములకు వచ్చినాడు గాని భారతదేశము చూడలేదు. బీహారు సంతలో వేళ్లమ్మిన వారి పేర్లు ఎచ్చటను నమోదు కాలేదు.

కథకు కీలకమైన సంవత్సరము 1931. ఆ యేడు రెండు నగరములలో రెండు పరిశోధనలు వెలువడినవి. ఢిల్లీలో హకీం అజ్మల్ ఖాన్ స్థాపించిన ఆయుర్వేద, యూనానీ తిబ్బియా కళాశాల ఉండెడిది. 1921లో దానికి ప్రారంభోత్సవము చేసినవారు గాంధీజీ. దేశీయ వైద్యములను రసాయనశాస్త్రపు గీటురాయిపై పెట్టి చూడవలెనన్నది హకీం గారి సంకల్పము. ఆయన 1927లో గతించినారు. నాలుగేండ్లకు అచ్చటి పరిశోధకులు సలీముజ్జమాన్ సిద్దికీ, రఫత్ హుస్సేన్ సిద్దికీ ఈ వేరునుండి ఐదు స్ఫటిక పదార్థములను వేరుచేసి ప్రకటించినారు. వానిలో కొన్నింటికి అజ్మలీన్, అజ్మలినీన్, అజ్మలిసీన్ అని హకీం గారి పేరే పెట్టినారు. రసాయనశాస్త్రమున ఒక యూనానీ వైద్యునికి దక్కిన స్మారకమది.

అదే యేడు కలకత్తాలో గణనాథ సేన్, కార్తీక చంద్ర బోస్ అను ఇరువురు వైద్యులు ఈ వేరును ఉన్మాదమునకు, రక్తపు పోటునకు మందుగా వర్ణించి వ్యాసము వ్రాసినారు. 20 నుండి 30 గ్రెయినుల పొడి రోజుకు రెండు మార్లు ఇచ్చినచో నిద్ర పట్టుననియు, పోటు తగ్గుననియు, రోగి ఉధృతి శమించుననియు వారు తెలిపినారు. తలకును గుండెకును ఒకే వేరు పనిచేయుచున్నదన్న ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొనవలె. అప్పటికది ఒక వింత. కారణము తెలియుటకు ఇరువదేండ్లకు పైగా పట్టినది.

ఈ వ్యాసములు సముద్రము దాటలేదు. కలకత్తాలో రామనాథ చోప్రా 1933లో పరిశోధన సాగించినను పడమటి వైద్యలోకము చెవిని పెట్టలేదు. 1949లో బొంబాయి హృద్రోగ నిపుణుడు రుస్తుం జాల్ వకీల్ ఏబదిమంది రక్తపు పోటు రోగులకు ఈ మందిచ్చి, ఆ ఫలితములను బ్రిటిషు హృద్రోగ పత్రికలో ప్రకటించిన పిమ్మట గాని కదలిక రాలేదు. మూడేండ్లలో, అనగా 1952లో, స్విట్జర్లాండులోని బాసెల్ నగరమున సీబా సంస్థవారు ఆ వేరులోని ముఖ్యపదార్థమును వేరుచేసి రిసర్పీన్ అని పేరుపెట్టినారు. బోస్టనులో విల్కిన్స్ అను వైద్యుడు పోటు తగ్గించుటకు ఈ మందిచ్చి, రోగులలో నెమ్మది కూడ కలుగుచున్నట్లు గమనించినాడు. న్యూయార్కు రాష్ట్రమున రాక్‌లాండు మానసిక వైద్యశాలలో నాథన్ క్లైన్ దీనిని వందలాది రోగులపై ప్రయోగించి 1954లో ఫలితములు వెల్లడించినాడు. ఆ వైద్యశాలలో కిటికీ అద్దములు బిగించు పనివాడు, తనకు పని తగ్గిపోయినదని మొదట గమనించినాడని ఒక కథనము. పగులగొట్టువారు తగ్గినారన్న మాట. 1957లో అమెరికావారి లాస్కర్ పురస్కారము క్లైనుకును, మన వకీల్ గారికిని కూడ లభించినది.

‘ట్రాంక్విలైజర్’ అను ఇంగ్లీషు మాట మందుల పరముగా ప్రచారములోనికి వచ్చినది ఈ రిసర్పీన్ సందర్భముననే. దానికి తుల్యమైన మాట మన భాషలలో కుదురుట కష్టమే. అసలు రోగమునకే పేరు స్థిరముగా లేదు. తెలుగులో ‘ఆందోళన’ అన్నచో మనస్సులోని కలవరమనియు అర్థము, వీధిలోని ఉద్యమమనియు అర్థము. హిందీలో ఆ మాటకు ఉద్యమమొక్కటే మిగిలినది. వారికి కలవరము ‘ఘబ్‌రాహట్’; మన ‘గాబరా’ ఆ కుదురునకు చెందినదే. గుండె దడదడలాడుట, అరచేతులు చెమర్చుట, ఏ కీడో మూడునని ఊరక భయపడుట, నిద్ర రాకుండుట: ఇన్నింటిని గాబరా అను ఒక్కమాట పట్టియిచ్చును. వైద్యపరిభాష అంత సూటిగా లేదు.

రిసర్పీన్ కీర్తి పతాకస్థాయిలో ఉండగనే మచ్చ పడినది. 1954లో అమెరికా వైద్యుడు ఎడ్వర్డ్ ఫ్రీస్, రక్తపు పోటునకు చిరకాలము పెద్ద మోతాదులలో ఈ మందు వాడిన రోగులలో కొందరు తీవ్రమైన విషాదమునకు లోనగుచున్నారని ప్రకటించినాడు. ఎక్కువ కాలము కాకుండగనే 1955లో లండను మాడ్స్‌లీ వైద్యశాలకు చెందిన డేవిస్, షెపర్డ్ అనువారు ఆందోళనయు విషాదమును గల రోగులను చీటీలు వేసినట్లు రెండు వర్గములుగా విభజించి, ఒక వర్గమునకు రిసర్పీన్, రెండవ వర్గమునకు ఉత్త గుళిక ఇచ్చి చూచినారు. మందు పుచ్చుకొన్నవారే ఎక్కువ మేలు పొందినారు. మానసిక వైద్యమున ఇట్లు పోల్చిచూచిన తొలి పరీక్షలలో ఇది ఒకటి. విచిత్రమేమనగా ఫ్రీస్ మాట లోకమున నిలిచినది, వీరి పరీక్ష మరుగునపడినది. భయము వ్యాపించినంత వేగముగా లెక్క వ్యాపింపదు.

ఈ రెండు పలుకులును ఎట్లు పొసగును? అదే 1955లో అమెరికాలో బెథెస్డా నగరమున బ్రోడీ ప్రయోగశాలలో జవాబునకు దారి దొరకినది. మన నరముల కొనలయందు సెరటోనిన్, నారడ్రినలిన్, డోపమిన్ మొదలైన ద్రవ్యములు చిన్నచిన్న సంచులలో నిల్వయుండును. ఒక నరము మరొక దానికి కబురు పంపునది వీనితోనే. రిసర్పీన్ ఆ సంచులలో సరుకు చేరకుండ అడ్డగించును. నిల్వ కరిగిపోవును. గుండెను, రక్తనాళములను తరుము కబురు సన్నగిల్లినచో పోటు తగ్గును. మెదడులో సన్నగిల్లినచో రోగి శాంతించును. మరికొంత సన్నగిల్లినచో మందకొడియగును, కొందరిలో చేతులు వణకును, నడక బిగిసిపోవును. ముక్కులోని నాళములను బిగించి ఉంచు కబురు లేకపోవుటచే ముక్కు దిబ్బడవేయును. జీర్ణాశయమున ఆమ్లము హెచ్చును, విరేచనములు కలుగును. అడ్డగింపు ఒకసారి పడినచో తొలగదు. నరములు కొత్త సంచులను తయారుచేసికొను దాక దాని ప్రభావము ఉండును. కనుక మందు మానిన రోజుననే దాని పని ఆగిపోదు.

దీనిని బట్టి ‘పార్శ్వఫలితము’, ‘దుష్ఫలితము’ అను మాటల పొల్లు తేలిపోవుచున్నది. ముక్కు దిబ్బడయు, మనశ్శాంతియు వేరువేరు గుణములు కావు. ఒకే పని వేరువేరు స్థలములలో కనబడుట. మనకు కావలసినదానికి ఫలమనియు, అక్కరలేనిదానికి పార్శ్వఫలమనియు పేర్లు పెట్టుకొన్నవారము మనమే. కలకత్తా వైద్యులు చూచిన వింతకు మూలమిది.

విషాదము సంగతి ఇంకను వివాదములోనే ఉన్నది. మందకొడితనమునే విషాదమని పలువురు పొరబడినారనియు, నిజముగా క్రుంగినవారిలో అనేకులకు పూర్వమే ఆ రోగము ఉండెడిదనియు 1971లో పాత నివేదికలను తిరుగదోడినవారు వ్రాసినారు. 2003లోను, 2022లోను వచ్చిన సమీక్షలు రిసర్పీన్ అందరినీ క్రుంగదీయునన్న నమ్మకమును మరింత సందేహించినవి. ఇంతమాత్రమున మందు నిర్దోషియని కాదు. ఎవరికి, ఎంత, ఎన్నాళ్లు అని అడుగకుండ మంచి చెడ్డలు నిర్ణయించుట చెల్లదన్నంతవరకే.

ఇచ్చట మన దేశాభిమానులకొక మాట. వేరు సాధువు, గుళికయే దోషి, మోతాదు చెడగొట్టినవారు పాశ్చాత్యులు అను వాదము తరచు వినబడును. లెక్క అట్లు లేదు. ఒక గ్రాము వేరు పొడిలో రిసర్పీన్ కోవకు చెందిన పదార్థములు దాదాపు ఒక మిల్లీగ్రాము, ఒక్కొక్కప్పుడు అంతకు మించి ఉండును. సేన్, బోస్ చెప్పిన 20 గ్రెయినులు గ్రామున్నరకు కొంచెము తక్కువ. తరువాతి కాలమున పోటు రోగికి వ్రాసిన గుళిక మిల్లీగ్రాములో నాలుగవ వంతో, పదియవ వంతో మాత్రమే. ఏడ్చు బిడ్డకు అరగదీసి నాకించిన వేరులో ఎంత ఉన్నదో కొలిచినవారెవరు?

తక్కిన కథ త్వరగా చెప్పవచ్చును. 1955లో అమెరికాలో మెప్రోబమేట్ అంగళ్లలోనికి వచ్చినది. 1957లో న్యూజెర్సీలో లియో స్టెర్న్‌బాక్ ప్రయోగశాలను సర్దుచుండగా మూలపడిన ఒక పదార్థము బయటపడినది. అదియే 1960లో లిబ్రియం అను పేర వెలువడినది. 1963లో దాని చెల్లెలు వేలియం. ఇవి సర్పగంధివలె నిల్వలను కరిగింపవు. మెదడులో సహజముగా ఉద్రేకమును అణచు గాబా అను ద్రవ్యపు బలమును హెచ్చించును. అరగంటలో గుండెదడ తగ్గును. ముక్కు దిబ్బడ లేదు, విషాదభయము లేదు. వేలియం 1969 మొదలు 1982 వరకు అమెరికాలో అన్నిటికన్న ఎక్కువగా అమ్ముడుపోయిన మందు.

అయితే మెదడు ఆ బలమునకు అలవాటుపడిపోవును. తన సొంత శక్తిని తగ్గించుకొనును. లిబ్రియం వెలువడిన మరుసటి యేడే, 1961లో, హోలిస్టర్ అను వైద్యుడు దీనిని నిరూపించినాడు. నెలల తరబడి పెద్ద మోతాదులు పుచ్చుకొన్న పదునొకండుగురికి తెలియకుండ మందునకు బదులు ఉత్త గుళికలిచ్చినారు. పదిమందిలో కొత్త బాధలు పుట్టినవి. ఇద్దరికి మూర్ఛలు వచ్చినవి. ఇట్టి పరీక్షను నేడు ఏ వైద్యసంఘమును ఒప్పుకొనదు. కాని అది నేర్పిన పాఠమును వినుటకు లోకమునకు ఎంత కాలము పట్టినది! ఈ మందులను రెండు నుండి నాలుగు వారములకు మించి వాడరాదని బ్రిటిషు అధికారులు సలహా ఇచ్చినది 1988లో. అలవాటు, మానినప్పటి ప్రమాదములను గూర్చి పెట్టెపై గట్టి హెచ్చరిక వేయవలెనని అమెరికా ప్రభుత్వము శాసించినది 2020లో.

భారతదేశమున ఆల్ప్రజోలం, డయజిపాం మొదలైనవానిని 2014 మార్చి నుండి హెచ్-1 పట్టికలో చేర్చినారు. వైద్యుని చీటీ లేక అమ్మరాదు. అమ్మిన పిదప వివరములు పుస్తకమున వ్రాసి మూడేండ్లు భద్రపరుపవలె. అయినను చీటీ ముఖమే చూడని వారికి గూడ ఈ మందు అలవాటైన చోటు ఒకటున్నది. తెలంగాణలో కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డయజిపాం కలుపుట చాలాకాలముగా తెలిసినదే. 2015లో ఆబ్కారీ శాఖవారు కల్తీని అరికట్టినప్పుడును, 2020లో లాక్‌డౌను కారణముగ కల్లు దుకాణములు మూతపడినప్పుడును, కూలిజనము వణకుచు, నిద్రలేక, పిచ్చిచూపులు చూచుచు, కొందరు మూర్ఛలతో వైద్యశాలలకు చేరినారు. తాము త్రాగినది కల్లేనని వారి నమ్మకము. హోలిస్టర్ వార్డులో పదునొకండుగురికి జరిగినదే ఇచ్చట ఊళ్లకు ఊళ్లకు జరిగినది.

నేడు ఆందోళనకు వైద్యులు సాధారణముగా మొదట వ్రాయునవి సెరటోనిన్‌ను నరముల నడుమ ఎక్కువసేపు నిలుపు మందులు. రిసర్పీన్ వట్టిపోవునట్లు చేసినదానిని ఇవి కాపాడునన్నమాట. ఫలితము కనబడుటకు కొన్ని వారములు పట్టును. మొదటి దినములలో వికారము, నిద్రలేమి, ఒక్కొక్కప్పుడు గాబరాయే హెచ్చుట కద్దు. ఈ సంగతి ముందుగా చెప్పని వైద్యుని రోగి, మందు వికటించినదని నాల్గవ రోజున మానివేయును. చెప్పిన వైద్యుని రోగి ఓపిక పట్టును. కామేచ్ఛ తగ్గుట మొదలైనవి ఇతర బాధలు. వీనిని గూడ ఒక్కుమ్మడిగా మానక, వైద్యుని సలహాపై మెల్లమెల్లగా తగ్గింపవలె.

సర్పగంధి గతి ఏమైనది? గిరాకీకి అడవులు తట్టుకొనలేదు. వేరు కొరకు మొక్కనే పెకలింపవలె గనుక, ఒకసారి తవ్విన చోట మిగులునది లేదు. 1990లో దీనిని అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒడంబడిక రెండవ పట్టికలో చేర్చినారు. రిసర్పీన్ గుళికలను వైద్యులు వ్రాయుట చాల అరుదైనది. హకీం అజ్మల్ ఖాన్ పేరు మోయు అజ్మలీన్ మాత్రము కొన్ని దేశముల హృద్రోగ వైద్యశాలలలో ఇంకను వాడుకలో ఉన్నది. గుండె విద్యుత్తులో దాగియున్న బ్రుగాడా అను దోషము మామూలు పరీక్షకు అందదు. అనుమానమున్న రోగిని పడుకొనబెట్టి, కొన్ని నిమిషముల పాటు ఈ మందును నరములోనికి ఎక్కించుచు, దోషము తెరపై తేలునా అని వైద్యులు కనిపెట్టి చూతురు. తేలిన క్షణమున మందు ఆపివేయుదురు.