పది షిల్లింగుల పాట

2019లో 'ది లయన్ కింగ్' సినిమా తెలుగు మాటలతో మన ఊళ్లకూ వచ్చింది. సింబాకు నాని, పుంబాకు బ్రహ్మానందం, టిమోన్‌కు అలీ గొంతు ఇచ్చారు. ఆ కథలో టిమోన్, పుంబా కలిసి హుషారుగా ఎత్తుకునే సింహం పాట ఒకటుంది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని పిల్లలు కూడా ఆ బాణీని ఇట్టే పట్టేస్తారు. పాట పేరు 'ది లయన్ స్లీప్స్ టునైట్'.

ఇది ఎవరి పాట అని అడిగితే చాలామంది అమెరికా పాట అంటారు. కొంతమంది డిస్నీ పాట అంటారు. రెండూ కాదు. దక్షిణాఫ్రికాలో జులూ తెగకు చెందిన ఒక కూలి మనిషి కట్టిన పాట ఇది. ఒకరి పాటను మరొకరు తమ పద్ధతిలో పాడితే దాన్ని ఇప్పుడు 'కవర్ వెర్షన్' అంటున్నాం. ప్రపంచంలో ఎక్కువ కవర్ వెర్షన్లు వచ్చిన పాటల్లో ఇదొకటి. అందులో కొన్ని నాకు ఎంతో ఇష్టం. అయినా వాటిని విన్న ప్రతిసారీ సంతోషంతో పాటు ఒక బాధ కూడా కలుగుతుంది. మన పాటలు గూడెం దాటి సెల్‌ఫోన్లలోకి చేరుతున్న ఈ కాలంలో ఆ పాట చరిత్ర మనం తెలుసుకోవాలి. అందుకే ఈ వ్యాసం.

పశువుల కాపరి నుంచి పాటగాడి దాకా

ఆ మనిషి పేరు సాలమన్ లిండా. 1909లో నాటాల్ ప్రాంతంలోని మ్సింగా అనే చోట పుట్టాడు. చిన్నప్పుడు పశువులు కాశాడు. మిషన్ బడిలో కొద్దిగా చదువుకున్నాడు. పెళ్లిళ్లలో, పండుగల్లో పాడుతూ పెరిగాడు. 1931లో ఆ ప్రాంతం కుర్రాళ్లందరిలాగే పని వెతుక్కుంటూ జోహానెస్‌బర్గ్ చేరాడు. అక్కడ గనుల్లో, హోటళ్లలో, కార్ఖానాల్లో పనిచేసే జులూ యువకులు హాస్టళ్లలో ఉండేవారు. వారమంతా చాకిరీ, శనివారం రాత్రి పాటల పోటీలు. వాయిద్యాలు ఉండవు. గొంతులే వాయిద్యాలు. లిండా తన వైపు కుర్రాళ్లను కూడగట్టి 'ఈవినింగ్ బర్డ్స్' అనే బృందం కట్టాడు. ఒకే రకం సూట్లు వేసుకుని, టోపీలు పెట్టుకుని పాడేవారు.

తరువాత లిండాకు గాలో అనే రికార్డుల కంపెనీలో రికార్డులు ప్యాక్ చేసే పని దొరికింది. ఆ కంపెనీలో గాయకులను గుర్తించే పని చూసే గ్రిఫిత్ మోట్సియెలోవా అనే నల్లజాతి సంగీతజ్ఞుడు బృందాన్ని స్టూడియోకు పిలిచాడు. 1939లో వాళ్లు అక్కడ పాడిన పాటల్లో ఒకటి 'మ్బూబె'. జులూ భాషలో మ్బూబె అంటే సింహం. చిన్నతనంలో మందల మీదికి వచ్చే సింహాలను తరిమిన జ్ఞాపకం ఆ పాట వెనుక ఉందని చెబుతారు.

పాట నిర్మాణం చాలా తేలిక. కింద బొంగురు గొంతులు కొన్ని మాటలనే పదే పదే తిప్పుతుంటాయి. మన థింసాలో కాళ్లు ఒకే లయను ఎలా పట్టుకుంటాయో అలా. ఆ లయ మీద లిండా తన సన్నటి గొంతును పైకెత్తి ఇష్టం వచ్చినట్టు తిప్పుతాడు. మూడోసారి రికార్డు చేస్తున్నప్పుడు, చివరికి వచ్చేసరికి, అప్పటికప్పుడు అతని నోట ఒక కొత్త వరస పుట్టింది. కొన్ని సెకన్ల వరస అది. ముందుగా అనుకున్నదీ కాదు, కాగితం మీద రాసుకున్నదీ కాదు. తరువాత ప్రపంచమంతా పాడుకున్నది ఆ కొన్ని సెకన్లనే.

1940ల చివరికి ఆ రికార్డు ఆఫ్రికాలో లక్ష దాకా అమ్ముడైంది. వాయిద్యాలు లేని ఆ బృందగానానికే 'మ్బూబె' అనే పేరు స్థిరపడింది. లిండాకు పేరు వచ్చింది కానీ డబ్బు రాలేదు. 1952లో పాట మీద హక్కులన్నీ 10 షిల్లింగులకు, అంటే అర పౌనుకు, కంపెనీకి రాసిచ్చాడు. లిండాకు చదవడం, రాయడం అంతగా రాదు. మన తాతలు ఏ కాగితాల మీద వేలిముద్రలు వేసి భూములు పోగొట్టుకున్నారో మనకు తెలుసు. కనుక ఈ సంగతి మనకు విడమరచి చెప్పక్కర్లేదు.

ఒక మాట తప్పు వినబడి

జానపద సంగీత సేకర్త అలన్ లోమాక్స్ ద్వారా ఆ రికార్డు అమెరికాలో పీట్ సీగర్ అనే గాయకుడి చేతికి వచ్చింది. సీగర్ దాన్ని మళ్లీ మళ్లీ విని రాసుకున్నాడు. 'ఉయింబూబె' అంటే 'నువ్వు సింహానివి' అని అర్థం. సీగర్ చెవికి అది 'విమొవే' అని వినబడింది. అదే పాట పేరైంది. 1951లో అతని బృందం 'ది వీవర్స్' దాన్ని రికార్డు చేసింది. మరుసటి ఏడాది అది అమెరికాలో పెద్ద హిట్టు. రికార్డు మీద రచయితగా 'పాల్ క్యాంప్‌బెల్' అని ఉంటుంది. అటువంటి మనిషి లేడు. పాత పాటల మీద హక్కు చూపడానికి ఆ బృందం వాడుకున్న కల్పిత పేరు అది.

సీగర్ చెడ్డవాడు కాదు. కార్మికుల పక్షాన, నల్లవారి పక్షాన నిలబడి కష్టాలు పడ్డవాడు. ఇది ఆఫ్రికా తెగ వాళ్లు తరతరాలుగా పాడుకునే పాట అనుకున్నాడు. రాసిన మనిషి ఒకడున్నాడని తెలిశాక లిండాకు 1000 డాలర్లు పంపించాడు. రాయల్టీ కూడా పంపమని ప్రచురణకర్తలకు చెప్పానని, అది చేరిందో లేదో చూసుకోకపోవడం తన తప్పేనని తరువాత అన్నాడు. ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. 'తెగ పాట' అనే మాట వినడానికి గౌరవంగానే ఉంటుంది. కానీ ఆ మాట చాటున ఒక మనిషి పేరు చెరిగిపోయింది. అందరి పాట అంటే ఎవరి పాటా కాదు అనుకున్నారు.

1961లో న్యూయార్క్ కుర్రాళ్ల బృందం 'ది టోకెన్స్' ఈ పాటను ఎత్తుకుంది. జార్జ్ డేవిడ్ వైస్ ఇంగ్లీషు మాటలు రాశాడు. లిండా నోట ఆనాడు చివర్లో దొర్లిన ఆ వరసకే ఆ మాటలు తొడిగాడు. అనీటా డేరియన్ అనే ఒపేరా గాయని వెనకనుంచి సన్నటి రాగం తీసింది. మొదట దీన్ని రికార్డుకు రెండో వైపు వేశారు. జనం రెండో వైపునే తిప్పి తిప్పి విన్నారు. 1961 డిసెంబరులో అది అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. తరువాత పది నెలలకు, 1962 అక్టోబరు 8న, లిండా మూత్రపిండాల జబ్బుతో కన్నుమూశాడు. సమాధి మీద రాయి పెట్టించడానికి ఆ కుటుంబానికి 18 ఏళ్లు పట్టింది.

నాకు నచ్చిన వెర్షన్లు

ఇంత తెలిసిన తరువాత కూడా టోకెన్స్ పాట నాకు నచ్చదని చెప్పలేను. ఆ ఎత్తుగడలో ఉన్న ఆనందం నిజమైనదే. వీవర్స్ వెర్షన్‌లో సీగర్ గొంతు చిట్టచివరి దాకా ఎగరడానికి చేసే ప్రయత్నం కూడా నాకు ఇష్టం. 1982లో 'టైట్ ఫిట్' అనే బృందం పాడి బ్రిటన్‌లో మొదటి స్థానానికి తెచ్చింది. అది తిరునాళ్లలో మైకు పాటలాగా ఉంటుంది. వినడానికి బాగానే ఉంటుంది, మనసులో నిలవదు.

అన్నిటికన్నా నాకు ఇష్టమైనది మిరియం మకేబా 1960లో పాడిన 'మ్బూబె'. ఆమె దక్షిణాఫ్రికా బిడ్డ. ఆమె పాస్‌పోర్టును అక్కడి ప్రభుత్వం ఆ ఏడాదే రద్దు చేసింది. సొంత తల్లి అంత్యక్రియలకు కూడా వెళ్లలేకపోయింది. ఆమె నోట ఆ పాట తన అసలు పేరుతో, అసలు భాషతో వినబడుతుంది. ఆ వరుసలో చెప్పుకోవలసింది జోసెఫ్ షబలాలా నడిపిన 'లేడీస్మిత్ బ్లాక్ మంబాజో'. లిండా దారిలోనే పుట్టిన బృందం అది. వాళ్లు ఆ పాట పాడితే మనవడు తాత భుజం మీద చెయ్యి వేసి నడిచినట్టు ఉంటుంది. కవర్ వెర్షన్ అంటేనే దొంగతనం అని నేననను. పాటను మరొకరు పాడితేనే అది బతుకుతుంది. పాడినవాళ్లు ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పారా, ఆ ఇంటికి ఏమైనా చేరిందా అన్నదే లెక్క.

ఆలస్యంగా వచ్చిన న్యాయం

1994లో 'లయన్ కింగ్'లో ఈ పాట రావడంతో మళ్లీ డబ్బు పారింది. 2000లో రియాన్ మలాన్ అనే దక్షిణాఫ్రికా రచయిత 'రోలింగ్ స్టోన్' పత్రికలో ఈ కథంతా బయటపెట్టాడు. పాట సంపాదించింది సుమారు కోటీ యాభై లక్షల డాలర్లు ఉంటుందని అంచనా వేశాడు. అప్పటికి లిండా కూతుళ్లు సొవెటోలో పేదరికంలో ఉన్నారు.

వాళ్లకు దారి చూపింది ఒక పాత చట్టం. బ్రిటిష్ సామ్రాజ్యపు 1911 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత తన జీవితకాలంలో హక్కులు అమ్ముకున్నా, అతను చనిపోయిన 25 ఏళ్లకు అవి వారసులకు తిరిగి వస్తాయి. లిండా విషయంలో ఆ గడువు 1987తో తీరింది. ఓవెన్ డీన్ అనే న్యాయవాది ఈ నిబంధనను పట్టుకుని 2004లో డిస్నీ మీద దావా వేశాడు. ఆ కంపెనీకి దక్షిణాఫ్రికాలో ఉన్న ట్రేడ్‌మార్కులను కోర్టు ద్వారా అటాచ్ చేయించాడు. 2006లో రాజీ కుదిరింది. పాట 'మ్బూబె' నుంచే పుట్టిందని, లిండా సహ రచయిత అని ఒప్పుకున్నారు. గతానికి పరిహారం, ముందుకు రాయల్టీ ఇవ్వడానికి అంగీకరించారు. లిండా చనిపోయి అప్పటికి 44 ఏళ్లు. ఒక కూతురు ఆ రోజు చూడకుండానే పోయింది.

తైవాన్‌లో ఆమిస్ ఆదివాసీ దంపతులు డిఫాంగ్, ఇగాయ్‌లదీ ఇటువంటి కథే. 1988లో వాళ్లు యూరప్‌లో పాడిన పాటను రికార్డు చేశారు. 'ఎనిగ్మా' అనే సంగీత బృందం వాళ్ల గొంతులనే తన 'రిటర్న్ టు ఇన్నొసెన్స్'లో కలిపింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ ప్రచారంలో ఆ పాట వినబడింది. తమ గొంతు ఇంత దూరం పోయిందని ఆ దంపతులకు ఎవరూ ముందుగా చెప్పలేదు. దావా వేశారు. 1999లో రాజీ కుదిరి, పేరు దక్కింది.

మన సంగతి

రాయల్టీ అనే మాట మనకు కొత్త. ఆ నీతి మాత్రం కొత్త కాదు. గోండుల పెర్సా పేన్ కథను కిక్రి మీద వాయించి పాడేది పర్ధాన్‌లు. ఏ గోత్రం వాళ్లకు ఏ పర్ధాన్ కుటుంబం పాడాలో కట్టుబాటు ఉంది. పెళ్లికీ, చావుకీ, దేవర కొలుపుకీ వాళ్లకు చేరవలసిన కట్నకానుకలకూ కట్టుబాటు ఉంది. తోటీలదీ అంతే. పాట ఎవరిది, ఎవరు పాడాలి, పాడినవారికి ఏమివ్వాలి అన్న మూడు ప్రశ్నలకూ మన పెద్దలు ఎప్పుడో జవాబు చెప్పారు.

ఇప్పటి చట్టంలో కూడా మనకు కొంత ఆసరా ఉంది. అటవీ హక్కుల చట్టం 2006లోని సెక్షన్ 3(1)(కె) జీవవైవిధ్యంతో పాటు సాంస్కృతిక వైవిధ్యానికి చెందిన సంప్రదాయ జ్ఞానం మీద సమాజానికి హక్కు ఉందని చెబుతోంది. మనం పోడు పట్టాల కోసం ఆ చట్టాన్ని చదివాం కానీ ఆ వాక్యం దగ్గర ఆగలేదు. కాపీరైట్ చట్టంలో గాయకులకు 'ప్రదర్శకుల హక్కు' ఉంది. 2012 సవరణ తరువాత అది మరింత గట్టిపడింది. పాడింది ఫలానా వారని పేరు వేయమని అడిగే హక్కు కూడా అందులో ఉంది.

మార్లవాయి గుస్సాడీ గురువు కనకరాజుకు 2021లో, కోయ డోలి కథకుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ప్రకటించారు. ఇద్దరూ 2024లో మనల్ని విడిచి వెళ్లిపోయారు. వాళ్ల పేర్లయినా దేశానికి తెలిశాయి. పేరు తెలియకుండా వెళ్లిపోతున్న అవ్వలు, తాతలు ప్రతి గూడెంలో ఉన్నారు. వాళ్లు నేర్పిన రేలా పాటకు ఎవరో కీబోర్డు కలిపి యూట్యూబ్‌లో పెడితే, కింద 'జానపదం' అని ఒక్క మాట ఉంటుంది. పెట్టేవాళ్లలో మన పిల్లలు కూడా ఉన్నారు. తప్పు బయటివాళ్లదే అనుకోవడానికి లేదు.

కాబట్టి సంఘం తరఫున ఒక చిన్న పని మొదలుపెడదాం. పాట రికార్డు చేసిన ప్రతిసారీ పాడినవారి పేరు, ఊరు, భాష, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ సందర్భంలో పాడతారు, తేదీ, ఈ ఆరు సంగతులు రాసి ఉంచుదాం. దేవర పాటల్లో బయట పాడకూడనివి ఉంటే ఆ మాటా రాద్దాం. కుర్రాళ్లు కొత్త బాణీలో పాడాలనుకుంటే పాడనిద్దాం. కానీ ముందుగా ఆ పెద్దమనిషి ఇంటికి వెళ్లి అడగాలి, వీడియో కింద పేరు రాయాలి, డబ్బు వస్తే వాటా ఇవ్వాలి. దీనికి లాయరు అక్కర్లేదు, ఒక నోటుబుక్కు చాలు.

1939లో ఆ స్టూడియోలో పుట్టిన పాటకు లిండా పేరు తిరిగి చేరడానికి 67 ఏళ్లు పట్టింది. మన అవ్వ పేరు రాయడానికి ఒక నిమిషం పడుతుంది. ఆవిడ ఎదురుగా ఉన్నప్పుడే, అడిగి రాసుకుందాం.