మా అయ్య కుక్క నల్లోడు

ఈ అండమాన్ దీవుల్లో ఒకప్పుడు కుక్కన్నదే లేదర్రా. అడవిపంది ఉండేది, పునుగుపిల్లి ఉండేది, ఉడుములుండేవి, క్రీకుల్లో మొసళ్లుండేవి. కుక్క మాత్రం లేదు. 1858 మార్చిలో ఇంగ్లీషోళ్లు రెండొందల మంది ఖైదీలను ఓడలో తెచ్చి చాతం దీవిలో దింపారు చూడండి, ఆ రాకపోకలతోనే కుక్క కూడా ఈ నేలమీద అడుగుపెట్టింది. అప్పటిదాకా ఇక్కడి ఆదివాసులు వేల ఏళ్ల పాటు ఒట్టి విల్లంబులతో, కాలి జాడ చూసుకుంటూ పందిని కొట్టేవారు. వాళ్లలో జరావా తెగవాళ్లు మొన్నమొన్నటి దాకా అలాగే కుక్క తోడు లేకుండా వేటాడారు.

మరి తాతముత్తాతల కాలం నుంచీ కుక్క మొహం చూడని మనుషులు దాన్ని చూసి భయపడాలి కదా? తరిమికొట్టాలి కదా? అలా జరగలేదు. చూస్తుండగానే అది వాళ్ల వేటలోకీ, అట్నుంచి గుడిసెల్లోకీ వచ్చేసింది. లిటిల్ అండమాన్‌లో ఓంగీ తెగవాళ్లున్నారు. ఇప్పుడు ఓ నూరు మంది ఉంటారేమో, 1901 లెక్కల్లో 672 మంది. 1950ల్లో చిప్రియాని అని ఇటలీ దేశపాయన వచ్చి వాళ్ల మధ్య ఉండి చూసేనాటికి వాళ్ల పందివేటకు కుక్కలే ముందు నడుస్తున్నాయి. వేటకు పనికొచ్చింది కాబట్టి ఉంచుకున్నారని చదువుకున్నవాళ్లు అంటారు. అది నిజమే, కాదనను. కానీ పనికొచ్చే వస్తువులు మనిషికి చాలా ఉన్నాయి. విల్లు పనికొస్తుంది, బాణం పనికొస్తుంది. అవేవీ సాయంత్రం మనకోసం ఎదురురావు.

ఆ కొబ్బరిపీచు ఇంకాస్త నిప్పులోకి తొయ్యిరా, దోమలు ముసురుతున్నాయి. ఆఁ, ఇప్పుడు మా అయ్య సంగతి చెప్తాను.

మా అయ్య కళింగపట్నం దగ్గర పల్లె నుంచి వచ్చినోడు. వలలు తప్ప ఏటీ లేవు చేతిలో. ఈ జంగ్లీఘాట్‌లో గుడిసె వేసుకుని, కొన్నాళ్లకు ఓ ఇంజను డింగీ కొన్నాడు. అప్పుడు మాకో కుక్క ఉండేది, నల్లోడని పిలిచేవాళ్లం. ఎవరో తెచ్చి పెంచింది కాదు. చేపల బుట్టల వెనక తిరుగుతూ తిరుగుతూ మా అయ్య వెనక ఇంటికొచ్చి ఉండిపోయింది.

మధ్యాహ్నం తిరిగిందంటే డింగీలన్నీ ఒక్కొక్కటే ఒడ్డుకొచ్చేవి. మన చెవికి ఇంజన్లన్నీ ఒకటే మోత. నల్లోడు వలల కుప్ప నీడలో పడుకుని ఉండేది. పది డింగీలు వచ్చేవి, కళ్లు కూడా తెరిచేది కాదు. తర్వాత ఓ చెవి లేచేది. ఆ చెవి కాసేపు అలా నిలబడేది. అప్పుడు లేచి, ముందుకాళ్లు బార్లా చాచి ఒళ్లు విరుచుకుని, నెమ్మదిగా జెట్టీ చివరకు నడిచేది. మేం గుంటలం చేతులు కళ్లకు అడ్డం పెట్టుకుని చూసినా నీళ్ల మీద ఏటీ కనపడేది కాదు. ఇంకో చుట్ట కాల్చేంత సేపటికి మలుపు తిరిగి అయ్య డింగీ కనపడేది.

ఆ తర్వాత జరిగింది జాగ్రత్తగా వినండి, కుక్క ప్రేమంటే ఏటో నాకు అక్కడే తెలిసింది. డింగీ నిండా సూరలూ కవళ్లూ ఉండేవి. దింపుతుంటే నాలుగు కవళ్లు జారి కింద పడేవి. జెట్టీ మీద మిగతా కుక్కలన్నీ వాటికోసం కొట్టుకునేవి. నల్లోడు అటు చూసేది కూడా కాదు. తోక పైకెత్తి ఆడించడం కాదు, వెనక సగం ఒళ్లంతా ఊగిపోయేది. వచ్చి ముందు మా అయ్య కాళ్లు వాసన చూసేది, తర్వాత అరచేతులు. ఉప్పు చారలు కట్టిన ఆ వేళ్లు ఒక్కొక్కటే నాకేది. ఆఖరికి తల తెచ్చి ఆయన మోకాళ్ల మధ్య పెట్టి, ఒళ్లు బరువంతా ఆయన మీదే వదిలేసి నిలబడేది. ఆయన రెండు చెవుల వెనకా గీరి, ‘సరేరా, వచ్చేశాను కదా’ అంటే అప్పుడు ఓ నిట్టూర్పు విడిచి చేపల వైపు తిరిగేది. దానికి ఆకలి లేక కాదు. మనిషి ముందు, తిండి తర్వాత.

ఇంజను చప్పుడుకు అలవాటుపడిందిలే అని మా చిన్నాన్న అనేవాడు. ఓసారి అయ్యకు మలేరియా జ్వరం పట్టుకుంది. వారం పైన మంచం దిగలేదు. డింగీ ఊరికే ఎందుకని చిన్నాన్నే వేటకు తీసుకెళ్లాడు. ఆ సాయంత్రం అదే ఇంజను, అదే మోత. నల్లోడు మంచం కింద ఉంది. చెవి లేచింది. తల ఎత్తి గుమ్మం వైపు చూసింది. తర్వాత మంచం మీద మా అయ్యను చూసింది. మళ్లీ గెడ్డం నేలకానించి పడుకుంది. ఆ వారమంతా గంజి తాగడానికి మాత్రం బయటికొచ్చి, నాలుగు గుక్కలు తాగి బేగి లోపలికి పోయేది. మామూలుగా అయ్య మీదకి ఎగిరి గంతులేసేదే, ఆయన జ్వరం తగ్గి లేచి కూర్చున్నాక కూడా రెండ్రోజులు ఎగరలేదు. పక్కన నిలబడి చెయ్యి నాకి ఊరుకుంది. ఇది దానికి ఎవరు నేర్పారు?

మొన్న మన పెద్దమనవరాలు ఓ సంగతి చదివి చెప్పింది. జపాన్‌లో అజాబు విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో అచ్చు వేశారట. కుక్కా, దాన్ని పెంచిన మనిషీ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటూ ఉంటే ఇద్దరి ఒంట్లోనూ ఆక్సిటోసిన్ అనే పదార్థం పెరుగుతుందట. తల్లికీ చంటిబిడ్డకీ మధ్య పనిచేసేది కూడా అదేనట. తోడేళ్లను చిన్నప్పటి నుంచి చేత్తో పెంచినా వాటిలో ఇది కనపడలేదట. ఇటలీలో ఇంకొకళ్లు 2007లో చూశారట, యజమాని కనపడితే కుక్క తోక కుడివైపుకు ఎక్కువ ఊగుతుందని. తోక సంగతి నేను లెక్కపెట్టి చూడలేదు. కళ్ల సంగతి మాత్రం ఆ కాగితం లేకపోయినా ఒప్పుకుంటాను. జ్వరం మంచం మీద మా అయ్య, కింద నుంచి ఆయన్నే చూస్తున్న నల్లోడు, ఆ చూపు నేను చూశాను.

సునామీ మీలో పెద్దోళ్లకు తెలుసు. 2004 డిసెంబరు 26, ఆదివారం. తెల్లారి ఆరున్నరకి భూమి ఊగింది. అప్పటికి నల్లోడు పోయి చాలా కాలమైంది, మా ఇంట్లో చిట్టి అని ఆడకుక్క ఉంది. జంతువులకు ముందే తెలిసిపోయిందని చాలామంది అంటారు. మా చిట్టి ముందుగా ఏటీ చెప్పలేదు, అది కూడా మాలాగే బెదిరిపోయింది. నేను కళ్లారా చూసింది వేరు. జెట్టీ వైపు నుంచి నీళ్లు ఎక్కుతుంటే అందరం మిట్ట మీదకి పరుగెత్తాం. మీ మామ్మకి మోకాళ్ల నొప్పి. చిట్టి పైకి పరుగెత్తేది, ఆగి వెనక్కి చూసేది, దిగి వచ్చి మీ మామ్మ చీర కుచ్చెళ్లు రాసుకుంటూ రెండడుగులు నడిచేది, మళ్లీ పైకి పోయేది. నాలుగు కాళ్లున్నది, తలుచుకుంటే చిటికెలో పైన ఉండును. మీ మామ్మ ఎక్కాకే అదీ ఎక్కింది. అదే రోజున అటు పుదుచ్చేరి దగ్గర చిన్నకాలాపట్టులో సెల్వకుమార్ అనే కుక్క, గుడిసెలోకి దూరిన ఏడేళ్ల పిల్లాడిని పట్టి లాగి, ముట్టెతో నెట్టుకుంటూ మిట్ట ఎక్కించిందని తర్వాత పేపర్లలో వచ్చింది. చదివినవాళ్లు ఔరా అన్నారు. మీ మామ్మ మాత్రం ‘అందులో వింతేటుంది’ అంది.

ఇంకో మాట చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. నికోబార్‌లోని గలాథియా తీరంలోనూ, లిటిల్ అండమాన్‌లోనూ పెద్ద తాబేళ్లు వచ్చి ఇసకలో గుడ్లు పెడతాయి. దిక్కులేని కుక్కలు రాత్రిళ్లు ఆ గుంటలు తవ్వి గుడ్లు తినేస్తున్నాయి. కుక్కను తిట్టి లాభం లేదు. దాన్ని తెచ్చి, ముద్దు చేసి, తిండి అలవాటు చేసి తర్వాత గాలికొదిలినవాళ్లది ఆ పాపం. ఎవరో ఒకరి అడుగుల చప్పుడుకు చెవి ఎత్తడం నేర్చుకున్న కుక్కే అది.

ఇక్కడ ఏటా బదిలీలవుతాయి. ఉద్యోగస్తులు సామాను కట్టుకుని ఓడెక్కుతారు. మూడేళ్లు పిల్లలతో ఆడిన కుక్కను ఖాళీ క్వార్టర్ ముందు వదిలేసి పోతారు. అది ఆ గుమ్మం దగ్గరే ఉంటుంది, కొత్తవాళ్లు వచ్చి తరిమినా ఉంటుంది. మీరు పెద్దయ్యాక మీలోనూ కొందరు విశాఖకో మద్రాసుకో వెళ్తారు. కుక్కపిల్లను తెచ్చేముందే ఆలోచించుకోండి. తెచ్చాక సూది వేయించండి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి, రాత్రిపూట తీరం మీదకి వదలకండి. వెళ్లాల్సి వస్తే వెంట తీసుకుపోండి. అది కుదరకపోతే నెల రెండు నెలల ముందే దాన్ని చూసుకునే ఇల్లు వెతికి, ఆ ఇంటి మనుషుల చేతి ముద్ద దానికి అలవాటు చేసి, అప్పుడు ఓడెక్కండి.