పాఠం ఇంటికి, పని తరగతికి

నర్సింగ్ చదువుకు పుట్టిల్లు వార్డు. 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఫ్లారెన్స్ నైటింగేల్ చలవతో తెరిచిన శిక్షణాలయంలో అమ్మాయిలు సిస్టర్ వెంట మంచం మంచం తిరిగి, చూసి, చేసి నేర్చుకునేవారు. 1911లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రి నిలువెత్తు బొమ్మ చేయించింది. పేరు మిసెస్ చేజ్. రోగిని పక్కకు తిప్పడం, దుస్తులు మార్చడం ముందు ఆ బొమ్మ మీదే.

అయితే ఆ వార్డే చదువును మింగేసింది. చవకగా దొరికే చేతుల కోసం ఆసుపత్రులు శిక్షణాలయాలు తెరిచాయి. పగలంతా చాకిరీ, ఆపైన కునికిపాట్లు పడుతూ వినే ఉపన్యాసం. 1923 నాటి గోల్డ్‌మార్క్ నివేదిక అమెరికాలో ఈ తీరును ఎండగట్టింది. నర్సింగ్ విశ్వవిద్యాలయం మెట్లెక్కింది. మన దగ్గర 1946లో ఢిల్లీ, వేలూరుల్లో డిగ్రీ వచ్చింది. డిగ్రీ గౌరవం తెచ్చింది, డిక్టేషన్‌నూ తెచ్చింది. మేడమ్ చెబుతూ పోవడం, పిల్లలు నోట్సు రాసుకుంటూ పోవడం.

2007లో కొలరాడోలో ఇద్దరు కెమిస్ట్రీ ఉపాధ్యాయులు, బెర్గ్‌మన్, శామ్స్, బడికి రాలేకపోయిన పిల్లల కోసం పాఠాలు వీడియో తీశారు. పాఠం ఇంటిదగ్గర వింటే తరగతిలో లెక్కలు, ప్రయోగాలు చేయించవచ్చని వాళ్లకు తట్టింది. ఈ తిరగేసిన తరగతి కొద్ది ఏళ్లకే నర్సింగ్ కళాశాలలకూ చేరింది. 2013లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో మార్కులు పెరిగాయి, విద్యార్థుల తృప్తి మాత్రం తగ్గింది. నాకిందులో ఆశ్చర్యమేమీ లేదు. డ్యూటీ దిగి హాస్టల్‌కు చేరిన పిల్ల మీద రాత్రి ఇంకో గంట వీడియో వేస్తే అది పాత చాకిరీకి కొత్త రూపమే. ఆ గంటను టైమ్‌టేబుల్‌లోనే చూపించాలి. 2020లో కరోనా వచ్చి పాఠం ఫోన్‌లోకి వెళ్లింది, కానీ చాలామందికి వార్డు తలుపులూ మూసుకున్నాయి. అది సగం తిరగేసిన తరగతి. చేతికి పని దొరకలేదు.

దొరికితే ఎలా ఉంటుందంటే: అరలీటరు సెలైన్ 4 గంటల్లో ఎక్కాలి, 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. సూత్రం నిన్ననే వీడియోలో విన్నారు. ఇవాళ ల్యాబ్‌లో ఒకమ్మాయి బొటనవేలితో రెగ్యులేటర్ తిప్పుతూ, వాచీ చూస్తూ చుక్కలు లెక్కపెడుతోంది. నిమిషానికి 50 దాటుతున్నాయి.

"కొంచెం బిగించవే," అంది పక్కనున్న పిల్ల.

మేడమ్ ఏమీ అనలేదు. మళ్లీ ఒక నిమిషం. 42.